కదలని బంతి

మేము తెలుగు బోధించు ఉపాధ్యాయులమే గాని వ్యాయామోపాధ్యాయులము కాము. మేము శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున, తిరుపతిలో. అచ్చట మాకు ఛందస్సు నేర్పిరి, వ్యాకరణము నేర్పిరి, పాఠప్రణాళిక వ్రాయు విధము నేర్పిరి. ఆరేండ్ల బిడ్డ చేతికి కర్రనిచ్చి బంతిని కొట్టించుట యెట్లో ఎవరును నేర్పలేదు. అయినను 2022 జూన్ మొదలుకొని ప్రతి శుక్రవారము చివరి గంటలో మాకు పడిన పని అదియే. మా ఉన్నత పాఠశాల ఆవరణలోనే ప్రాథమిక పాఠశాలయు నున్నది. అందలి ప్రధానోపాధ్యాయిని ఒకనాడు వచ్చి, "అయివారూ, శుక్రవారం కడపటి పీరియడు మీకు ఖాళీనే కదా, మా చిన్నపిల్లోళ్ళను కొంచెం ఆడించండి" అని అడిగిరి. ఒకటవ, రెండవ తరగతులు కలిసి 19 మంది. కాదనుటకు మాకు కారణము దొరకలేదు.

మొదటి శుక్రవారమే ఒక సంగతి తెలిసినది. ఆ పిల్లలలో చాలమంది అంగన్‌వాడీ మెట్టు ఎక్కనివారు. కరోనా కారణమున 2020, 2021 సంవత్సరములలో బడులతోపాటు అవియు మూతపడియుండెను. వరుసలో నిలుచుట, తమ వంతు కొరకు ఆగుట, పక్కవానికి తగులకుండ చేయి చాచుట వారికి క్రొత్త. మేము బంతినిచ్చినంతనే ఒకడు దానిని కడుపులో దాచుకొని కూర్చుండెను. తక్కినవారు వానిపై పడిరి. ఇద్దరు ఏడ్చిరి. ఒకడు గేటు వైపునకు నడచి పోవుచుండగా పట్టుకొని తెచ్చితిమి. గంట కొట్టుసరికి మా కంఠము బొంగురుపోయినది.

మన హోసూరు ప్రాంతపు బిడ్డల సంగతి ఈ సంచిక చదువువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇంట నొక మాట, సంతలో నొక మాట, బడిలో నొక మాట. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టము ననుసరించి, 2006-07 మొదలు తమిళము ఒకటవ తరగతినుండియే నిర్బంధ పాఠ్యమైనది. తెలుగు మాధ్యమపు బడి గనుక తెలుగు ఉండనే యున్నది. ఇంగ్లీషు ఎట్లును తప్పదు. ఆరేండ్ల ప్రాయమున మూడు లిపులు! ఆ భాషలపై మాకు కోపము లేదు. బ్రతుకుటకు మూడును కావలసినవే. కాని పలకపై ఉదయమొక లిపి, మధ్యాహ్నమొక లిపి దిద్దు బిడ్డకు వారమున కొక గంటయైనను అక్షరము లేని చోటు కావలెనని మాకు తోచెను. తప్పు దిద్దు ఎర్రసిరా అచ్చటికి రాకూడదు.

ఏ ఆట ఆడింతుమా యని ఆలోచించుచుండగా ఆ యేడు దసరా సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చెను. మా వద్ద పదవ తరగతి చదివి, బెంగళూరున కొన్నాళ్ళు పని చేసి, పిమ్మట అమెరికా వెళ్ళినవాడు. తన ఆరేండ్ల కుమార్తె అచ్చట 'టీ బాల్' అను ఆట ఆడుచున్నదని ఫోనులో చూపెను. తలకంటె పెద్దదైన టోపీ పెట్టుకొని ఆ బాలిక కర్ర ఎత్తినది. బంతి ఎవరును విసరలేదు. ఎదుట ఒక గొట్టముపై నిలిపియుండిరి. ఆమె గొట్టమునే కొట్టినది. బంతి కాళ్ళవద్ద పడినది. చూచువారందరు చప్పట్లు కొట్టిరి, బంతిని మరల గొట్టముపై పెట్టిరి.

"ఇదేమి ఆటరా, బంతి వేసేవాడే లేడు?" అని అడిగితిమి.

"వేస్తే ఈ వయసుకు తగలదు అయివోరా. అందుకనే నిలబెట్టిండారు" అని వాడు చెప్పెను.

ఆ ఒక్క మాట మాకు చాలినది.

బేస్‌బాల్ ఆటలో ఒకడు బంతి విసరును, ఒకడు కర్రతో కొట్టును, కొట్టినవాడు మూడు మూలలు చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి రావలెను. వచ్చు బంతి వేగమును, దారిని కంటితో అందుకొని, అదే క్షణమున కర్రను కదల్చుట చిన్నబిడ్డకు కష్టము. అందుచే విసరువానిని తీసివేసి, బంతిని బిడ్డ నడుమెత్తున నిలిపిరి. అదియే టీ బాల్. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రపు విలియమ్స్‌పోర్టులో బాలుర బేస్‌బాల్ కొరకు పుట్టిన 'లిటిల్ లీగ్' సంస్థ ఈ ఆటను నాలుగు మొదలు ఏడేండ్ల వరకు గల పిల్లలకు ఏర్పరచినది. దీనిని మొదలుపెట్టినది మేమేయని మిచిగన్‌లోని ఆల్బియన్, జార్జియాలోని వార్నర్ రాబిన్స్, మిసిసిపీలోని స్టార్క్‌విల్ అను మూడు ఊళ్ళవారును చెప్పుకొందురు. వారు చెప్పుకొనునది 1950, 1960 దశకముల మాట. 2001లో అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ తన నివాసమైన శ్వేతసౌధపు పచ్చికపై పిల్లలచే ఈ ఆట ఆడించెను. మన బిళ్ళంగోటికి అట్టి మర్యాద ఢిల్లీలో ఎన్నడు జరుగునో!

అమెరికా సామాను మాకు దొరకదు, అవసరమును లేదు. పాత పెయింటు డబ్బాలో తడియిసుక కూరి, నడుమ ప్లాస్టిక్ నీళ్ళగొట్టపు ముక్కను నిలిపితిమి. గొట్టపు కొనకు సైకిలు ట్యూబు ముక్కను తొడిగి, నాలుగంగుళములు పైకి విడిచితిమి. బంతి ఆ ట్యూబు నోటిపై కూర్చుండును. ఈ ట్యూబే ముఖ్యము. క్రొత్తగా నేర్చు బిడ్డ బంతిని ఒకమారు కొట్టిన, దాని క్రింది గొట్టమును అయిదుమారులు కొట్టును. గొట్టము గట్టిదైనచో చేయి జివ్వుమని, రెండవమారు కర్ర పట్టుటకే భయపడును. ట్యూబైన వంగి మరల నిలుచును. ఒక గొట్టము 24 అంగుళములు, ఒకటి 28 అంగుళముల యెత్తు. పాత మేజోళ్ళలో గుడ్డపీలికలు కూరి ఏడవ తరగతివారు బంతులు కుట్టి యిచ్చిరి. రెండడుగుల తేలిక కర్రలు మూడింటిని ఊరి వడ్రంగి చెక్కి యిచ్చి, పట్టుచోట తానే గుడ్డ చుట్టెను.

ఇక నేర్పుట. అమెరికా బిడ్డకు లేని చిక్కు మన బిడ్డకొకటి కలదు, అది క్రికెట్టు. నడక రానివాడును టీవీలో క్రికెట్టు చూచియుండును. కర్ర చేతికిచ్చినంతనే దాని కొనను నేలపై తట్టి, వంగి, బంతి వచ్చునని ఎదురు చూచును. బంతి రాదు, అది వాని నడుము పక్కనే యున్నది! కర్రను భుజముమీదికి ఎత్తి, నేలకు సమముగా, అడ్డముగా త్రిప్పవలెనని చెప్పినచో వానికి నమ్మకము కలుగదు. మాటతో లాభము లేదని, ఇంట వాకిలి ఊడ్చు పొడుగు చీపురును తెప్పించి త్రిప్పి చూపితిమి. చీపురు అడ్డముగా పోవును గదా! ఆడపిల్లలు ముందు గ్రహించిరి.

కర్రను పట్టుటలో వచ్చిన చిక్కు వేరు. "కుడిచేయి పైన, ఎడమచేయి క్రింద" అని మేము చెప్పితిమి. సగము మంది చేతులు తారుమారు చేసిరి. కుడి యేదో తెలియక కాదు, మా మాట తెలియక. ఒకడు "వలదు కైయా, అయివోరా?" అని తమిళమున అడిగెను. ఇంకొకతె "బలగై" అని కన్నడమున తనలో తాననుకొని సరిగా పట్టెను. రెండవ తరగతి బాలుడొకడు మాత్రము, "మా తాత దాపటెద్దు, వలపటెద్దు అంటాడు. వలపలంటే ఇదేనా?" అని చేయి ఎత్తెను. మేము ఒక క్షణము ఆట మరచితిమి. వలపల యనగా కుడి, దాపల యనగా ఎడమ; కాడికి కట్టిన జత ఎద్దులకు రైతు పెట్టిన గురుతులు. తమిళపు 'వలదు', కన్నడపు 'బల', మన 'వలపల' ఒక్క కడుపున పుట్టినవే. కావ్యములలోని 'వలకేలు' వాటి తోబుట్టువే. తిరుపతిలో మేము నిఘంటువున చదివిన మాట ఇచ్చట ఆరేండ్లవాని నోట సజీవముగా నున్నది. నాటినుండి మైదానమున మా ఆజ్ఞ "వలపలి చేయి పైన, దాపలి చేయి క్రింద". మూడు భాషల బిడ్డలును తలయూపిరి. ఆ పందొమ్మండుగురిలో ఇద్దరిది ఎడమచేతివాటము. ఇంట చెంప దెబ్బలు తిని కుడిచేత వ్రాయుచున్నవారు. గొట్టమునకు అవతలి పక్క నిలువబెట్టి, చేతులు మార్చి పట్టుకొమ్మంటిమి. వారి ముఖములను చూడవలసినది!

పిదప కన్ను. కొట్టబోవు బిడ్డ బంతిని చూడడు. బంతి ఎచ్చటికి పోవలెనో ఆ చెట్టును చూచును. తల లేచును, కర్ర గొట్టమునకు తగులును. అందుకని బంతికి ఎర్రగా కుంకుమబొట్టు పెట్టి, "బొట్టును కొట్టు" అంటిమి. పని చక్కగా జరుగుచుండెను. ఇంతలో మనుమని తీసికొనిపోవ వచ్చిన అవ్వ యొకతె గేటువద్ద విని, "బొట్టును కొట్టమంటారా అయివోరా, చదువుకొన్నోళ్ళు!" అనెను. ఆమె మాటయు నిజమే. మరుసటి వారము బొగ్గుతో నల్లచుక్క పెట్టితిమి. బంతి ముందరి కాలికి ఎదురుగా నుండవలెను, బొడ్డునకు ఎదురుగా కాదు; ఇందుకై నేలపై సుద్దతో రెండు పాదములు గీసితిమి. ఆ పాదములలో నిలుచుట పిల్లలకు కొట్టుటకంటె ఎక్కువ ఇష్టము.

పెద్ద భయము ఇంకొకటి. బంతి తగిలిన సంతోషమున బిడ్డ కర్రను వెనుకకు విసరి పరుగెత్తును. వెనుక నున్నది తరువాత కొట్టవలసిన బిడ్డ ముఖము. గుడ్డబంతి వలన అపాయము లేదు. కర్ర వలన కన్ను పోవచ్చును. ఇందులో మేము ఎవరికిని మినహాయింపు ఇయ్యము. గొట్టము పక్కన గోనెసంచి పరచియుండును. "కర్రను పడుకోబెట్టు, ఆ తరువాత పరుగెత్తు" అనునది మా మంత్రము. సంచిపై కర్ర పడుకొననిచో ఎంత దూరము కొట్టినను మరల వచ్చి పడుకోబెట్టి పోవలెను. వేచియున్నవారు 12 అడుగుల వెనుక, తాటికి అవతల, వట్టి చేతులతో నుందురు. గొట్టము వద్ద నిలిచిన బిడ్డ చేత తప్ప మైదానమున మరియొక కర్ర కనబడరాదు.

పరుగు సంగతి నవ్వు పుట్టించును. కొట్టిన బిడ్డ తాను కొట్టిన బంతి వెంటనే పరుగెత్తి దానిని తానే తెచ్చి మాకిచ్చును. ఒకడు నేరుగా గేటు వద్ద నున్న తల్లి కడకు పోయెను. మూలలకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టినచో నిలువవు. గంట, చింతచెట్టు, కొళాయి, ఇల్లు – ఇవి మా నాలుగు మూలలు. "ఇల్లు చేరు" అన్నచో తెలియని బిడ్డ లేడు. లిటిల్ లీగ్‌లో మూలకు మూలకు నడుమ 60 అడుగులు. మా మైదానమున, మా బిడ్డల కాళ్ళకు, 30 చాలును.

బంతిని ఆపువారు బెల్లమునకు ముసరిన ఈగలవలె ఒక్కమారుగా దానిపై పడుదురు. దీనికి మందు ఎవరి వద్దను లేదనుకొందుము. ఒక్కొక్కరికి సుద్దతో ఒక గుండ్రము గీసి, "ఇది నీ చేను, నీ చేనిలోనికి వచ్చిన బంతియే నీది" అని చెప్పిన పిమ్మట కొంత తగ్గినది. పొరుగు చేనిలో పడిన దానికై తగవు మాత్రము పోలేదు, రైతుబిడ్డలు గదా! పట్టుటకు మేము చెప్పునది 'దోసిలి' అను ఒక్క మాటయే.

19 మంది ఒక గొట్టము ముందు నిలిచినచో ఒక్కొక్కని వంతు వచ్చుసరికి గంట గడచిపోవును. కనిపెట్టుకొనియున్న బిడ్డ మన్ను తవ్వును, జడ లాగును. కనుక కొట్టుచోట్లు రెండు, పట్టుచోటు ఒకటి. ఆరుగురేసి మూడు గుంపులు, మిగిలిన ఒక్కరు ఆనాటి గంట కొట్టు అధికారి. ఎనిమిది నిమిషములకు గంట, గుంపులు మారును. గంట కొట్టు పదవికై పోటీ కర్రకు కూడ లేదు.

మాతోడి గణితోపాధ్యాయులు ఒకనాడు చూచి, "గెలుపు లేదు, ఓటమి లేదు, లెక్క లేదు. ఇదేం ఆటండీ అయివారూ?" అని అడిగిరి. నిజమే, మేము లెక్క వేయము. ప్రతి బిడ్డయు కొట్టును. ప్రతి బిడ్డయు ఇల్లు చేరును. తగులనిచో బంతి మరల గొట్టము ఎక్కును. తరగతిలో తమ్ముని కంటె వెనుకబడినదని అన్న, అన్న కంటె వెనుకబడినదని చెల్లెలు మాటలు పడుచునే యుందురు. లెక్కకు వారికి ముందున్నవన్నియు దినములే. అయినను గణితమువారి మాటను మేము త్రోసివేయము. మూడవ తరగతికి వచ్చుసరికి పిల్లలే మాకు తెలియకుండ లెక్క వేసికొనుచుందురు. అప్పుడు లెక్క ఉండవలసినదే.

ఆ మొదటి యేటి ఒకటవ తరగతిలో ఒక బాలిక యుండెను. జూన్‌లో బడికి వచ్చినది మొదలు ఆమె కంఠము ఎవరును వినలేదు. తల్లిది సరిహద్దునకు అవతలి ఊరు. ఇంట కన్నడము, తెలుగు కలగలసిన మాట. తెలుగు రాదేమో యని కొందరు, చెవుడేమో యని కొందరు అనుకొనిరి. జనవరిలో తండ్రి వచ్చి, "ఇక్కడ నోరే తెరవదంట అయివోరా. టౌనులో ఇంగ్లీషు బడిలో వేస్తాము, టీసీ ఇప్పించండి" అని అడిగెను. ప్రధానోపాధ్యాయిని మా వైపు చూచిరి. "వేసవి దాకా ఆగప్పా" అని మాత్రమే అంటిమి. మన తెలుగు తరగతులలో ఒక బిడ్డ తగ్గుట యనగా ఏమో ఈ పాఠశాలలో పని చేయువారికి తెలియును. కాని ఆ క్షణమున మాకు తోచినది ఆ లెక్క కాదు. పలుకని బిడ్డను, తన మాట ఒక్కటియు తెలియని చోటికి పంపుచున్నారే యని.

ఆమె ప్రతి శుక్రవారము కర్ర పట్టును, గొట్టమును కొట్టును, బంతి కాళ్ళవద్ద పడును, తలవంచుకొని పోవును. ఫిబ్రవరిలో ఒకనాడు చుక్కకే తగిలినది. బంతి కొళాయి దాక దొర్లినది. ఆమె పరుగెత్తలేదు. కర్రను సంచిపై మెల్లగా పడుకోబెట్టి, మా వైపు తిరిగి, "తగిలె! అయివోరా, తగిలె!" అని కేక పెట్టినది. "పరుగెత్తు, పరుగెత్తు" అని అందరును అరచిరి. గంట, చెట్టు, కొళాయి చుట్టి ఇల్లు చేరినది. అంతటితో ఊరకుండక, తరువాత కర్ర పట్టిన బాలునితో, "చెట్టును చూడొద్దురా, చుక్కను చూడు" అని చెప్పినది. చక్కని తెలుగు వాక్యము. ప్రధానోపాధ్యాయిని వరండాలో నిలిచి విని, లోపలికి పోయి కొంతసేపు బయటికి రాలేదు.

తండ్రి మరల టీసీ మాట ఎత్తలేదు; కారణమేమో మాతో చెప్పలేదు. ఆ బాలిక 2025 జూన్‌లో నాలుగవ తరగతిలో చేరినది. ఇప్పుడు తరగతిలో మాటలాపుమని ఆమెకే చెప్పవలసివచ్చుచున్నది. అయితే అందరికంటె దూరము కొట్టిన బాలుడు, ఆ దాపటెద్దు, వలపటెద్దు మాట చెప్పినవాడు, 2023లోనే పట్టణపు ఇంగ్లీషు బడికి వెళ్ళిపోయెను. ఆటవలన పిల్లలు బడిలో నిలుతురని మేము చెప్పము. వెళ్ళునాడు వాడు బంతి నొకదానిని అడిగి తీసికొనిపోయెను.

మొదటి జట్టువారికి ఇప్పుడు నిలిచిన బంతి చాలుటలేదు, విసరుమని అడుగుచున్నారు. నాలుగడుగుల దూరమునుండి క్రింది చేతితో విసరుచున్నాము. తగులుచున్నది. వచ్చే యేడు వారికి బిళ్ళంగోడు నేర్పవలెనని యున్నది. తమిళపు ఇండ్లలో దానిని కిట్టిపుళ్ళనియు, కన్నడపు ఇండ్లలో చిన్నిదాండు అనియు అందురు. పేరు విషయమున ఇప్పటినుండియే తగవు మొదలైనది. అదియు గుంటపై నిలిచియున్న బిళ్ళతో మొదలగు ఆటయే గాని, బిళ్ళ ఎగిరిన పిమ్మట ఎవరి కంటి మీదికి పోవునో తెలియదు. కనుక కొనలు మొద్దు చేసిన బిళ్ళలే వాడవలెను. అందరును కొట్టువాని వెనుకకు వచ్చిన పిదపనే కర్ర ఎత్తవలెను. ఆపువారు 40 అడుగుల లోపలికి రారాదు. ఈ మూడును ఒప్పుకొననివారికి బిళ్ళ దొరకదు.

ఈ వానలకు మా గొట్టముల ట్యూబులు రెండు చిరిగినవి. ఇంట పాత సైకిలు ట్యూబు ఉన్న విద్యార్థులు తెచ్చి యిచ్చినచో కోసి తొడుగుదుము. పదవ తరగతివారిలో ముగ్గురు శుక్రవారము చివరి గంటలో మాకు సాయమునకు కావలెను. కర్ర పట్టుకొనుటకు కాదు, తాడు పట్టుకొనుటకు.